అచ్చులో ఒక నాటకం, ఆటలో ఒక నాటకం

కోస్తా జిల్లాల్లో శ్రీరామనవమి పందిళ్ళలోనో తిరునాళ్ళలోనో వేసే పద్యనాటకం కరపత్రం మీద 'పాండవోద్యోగ విజయాలు' అని పెద్దక్షరాలు ఉంటాయి. కింద అర్జునుడు ఫలానా, దుర్యోధనుడు ఫలానా, కర్ణుడు ఫలానా అని వరుసగా పేర్లు. కృష్ణుడి దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. మొదటి కృష్ణుడు ఒకరు, రెండో కృష్ణుడు మరొకరు, ఊరు కాస్త కలిగినదైతే మూడో కృష్ణుడు కూడా. హార్మోనియం ఎవరో, డ్రస్సులు ఎవరివో తప్పకుండా ఉంటుంది. తిరుపతి వేంకట కవుల పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. దర్శకుడి పేరు మాత్రం ఉండదు, ఎందుకంటే దర్శకుడే ఉండడు.

అసలు 'పాండవోద్యోగ విజయాలు' అన్న పేరుతో ఆ జంటకవులు ఒక నాటకం రాయలేదు. వాళ్ళు రాసిన పాండవ నాటకాల వరుసలో 'పాండవోద్యోగం' ఒకటి, 'పాండవ విజయం' ఇంకొకటి. రెంటిలోంచీ జనం మెచ్చిన సీన్లు ఏరి, ముందూ వెనకా అతికి, ఒక రాత్రికి సరిపోయేట్టు చేసుకున్నది నటులు. పుస్తకాల షాపులో దొరికే నాటకం వేరు, పందిట్లో చూసే నాటకం వేరు. మన పాత నాటకాలను గురించి ఇంతకాలం రాసిన వాళ్ళలో ఎక్కువమంది మొదటిదాన్ని ముందు పెట్టుకుని రాశారు. చూసిన వాళ్ళు చూసింది రెండోదాన్ని. ఈ రెంటి మధ్య దూరం ఎలా పెరిగింది, దానివల్ల ఏం మిగిలింది, ఏం పోయింది అన్నదే ఈ సమీక్షకు విషయం.

కాంట్రాక్టు నాటకం నడిచే తీరు తెలియనివాళ్ళకు అదొక వింత. కాంట్రాక్టరు ఒక్కో నటుణ్ణి ఒక్కో ఊరినుంచి పిలిపిస్తాడు. వాళ్ళు ఒకరినొకరు కలుసుకునేది ఆ సాయంత్రం మేకప్ గదిలో. రిహార్సల్ అన్న మాటే లేదు. అయినా తెర లేచాక తెల్లవారుజాము దాకా ఆట ఆగదు, తడబడదు. అర్జునుడు ఏ పద్యం ఎత్తుకుంటే కృష్ణుడు ఏ పద్యంతో అందుకోవాలో, మధ్యలో ఏ వచనం ఎంతసేపో, ఏది పూర్తిగా వదిలెయ్యాలో అందరికీ ముందే తెలుసు. ఎవరైనా గాడి తప్పితే హార్మోనిస్టు శ్రుతి పట్టి ఒక ముక్క వాయించి దారిలో పెడతాడు. పద్యానికి ముందు రాగం, పద్యం చివర ఆలాపన ఎంత సాగాలన్నది కూడా అతనూ గాయకుడూ కళ్ళతోనే తేల్చుకుంటారు. స్క్రిప్టు లేదని మనం అనుకుంటాం గానీ, ఉంది. గట్టిగా, అందరూ ఒప్పుకున్నదిగా ఉంది. కాకపోతే అది ఏ కాగితం మీదా లేదు. దాన్ని ఈ వ్యాసంలో 'ఆడే ప్రతి' అంటాను.

పడక సీనునే తీసుకుందాం. యుద్ధసాయం అడగడానికి దుర్యోధనుడు ముందుగా వచ్చి, పడుకున్న కృష్ణుడి తలవైపు ఆసనం మీద కూర్చుంటాడు. తర్వాత వచ్చిన అర్జునుడు కాళ్ళ దగ్గర నిలబడతాడు. కృష్ణుడు లేవగానే అర్జునుణ్ణే ముందు చూస్తాడు. భారతం తెలిసిన ప్రతివాడికీ తెలిసిన కథే, పుస్తకంలో కొద్ది పేజీలే. పందిట్లో ఇది గంటకు తక్కువ పట్టదు. బావా అని కుశలం అడిగే పద్యానికి కృష్ణుడు రాగం తీస్తుంటే దుర్యోధన వేషధారి మీసం మీద చెయ్యి వేసుకుని, అసహనం నటిస్తూ, తన వంతుకోసం ఓపిగ్గా ఎదురుచూడాలి. జనం వన్స్ మోర్ అంటే అదే పద్యం మళ్ళీ. రెండోసారి అదే రాగంలో పాడితే మర్యాద కాదు, మార్చి పాడాలి. ఇంత చేశాక పడక సీను కృష్ణుడికి గొంతు అలిసిపోతుంది. అందుకే రాయబారానికి రెండో కృష్ణుడు. నగరాల్లో పెద్దలు దీన్ని వెక్కిరిస్తారు గానీ, మైకు లేని రోజుల్లో వేలమందికి వినబడేట్టు పై శ్రుతిలో పాడిన మనిషి గొంతును దృష్టిలో పెట్టుకుంటే ఇందులో వెక్కిరించడానికి ఏమీ లేదు.

ఈ పాట నాటకానికి పుట్టుకతో వచ్చింది కాదు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించినప్పుడు నడిచింది వాడుకకు దగ్గరైన వచనం. ధార్వాడ నాటక సమాజం వాళ్ళు వచ్చి ఆడి వెళ్ళాక ఊళ్ళలో నాటకాల మోజు పట్టుకుంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం రాజమండ్రి సమాజానికి రాసిన 'గయోపాఖ్యానం' కూడా మొదట వచన నాటకమే, పద్యాలు తర్వాత వచ్చి చేరాయి. టంగుటూరి ప్రకాశం కుర్రతనంలో అర్జునుడి వేషం కట్టింది ఈ నాటకంలోనే. పద్యాన్ని రాగంతో పాడించడం బళ్ళారి నుంచి వచ్చింది. అక్కడ ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టి 'చిత్రనళీయం' లాంటివి ఆడించారు. పాత్ర దుఃఖాన్నీ కోపాన్నీ రాగంలోంచి చెప్పించే పద్ధతి అటునుంచి కోస్తాకు పాకి, కొద్ది ఏళ్ళలోనే అదే నాటకం అయిపోయింది.

అంతే త్వరగా దానిమీద తిరుగుబాటు కూడా బళ్ళారిలోనే పుట్టింది, అదీ ఆచార్యులవారి సొంత మేనల్లుడి నుంచి. బళ్ళారి రాఘవ వృత్తికి వకీలు. పద్యాన్ని అర్థం చెడేట్టు సాగదీసి పాడటం ఆయనకు గిట్టేది కాదు. ఆడ పాత్రలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి లాంటి చదువుకున్న స్త్రీలను రంగం మీదికి తెచ్చారు. దుర్యోధనుడుగా, కోలాచలం శ్రీనివాసరావు 'రామరాజు చరిత్రము'లో పఠాను రుస్తుంగా ఆయన్ని చూసినవాళ్ళు రాసిన జ్ఞాపకాల్లో మాట్లాడిన తీరు, చూపు, నిలబడ్డ పద్ధతి గురించే ఉంటుంది, గొంతు గురించి తక్కువ. అందరూ ఆయన్ని మెచ్చారు, ఆయన చెప్పినట్టు మాత్రం ఎవరూ చెయ్యలేదు. ఏప్రిల్ 16 కందుకూరి పుట్టినరోజని తెలుగు నాటక దినోత్సవం చేసుకుంటాం. 1946లో రాఘవ పోయిందీ అదే తేదీన. వేదికల మీద మొదటి సంగతి చెప్పినంతగా రెండోది చెప్పరు.

మైలవరం కంపెనీ లాంటి పెద్ద సమాజాల కాలంలో ఆడే ప్రతి స్థిరపడింది. గ్రామఫోను రికార్డులు దానికి సీలు వేశాయి. రికార్డులోకి ఎక్కిన పద్యం ఊరూరా ఒకే వరసలో పాడటం మొదలైంది, ఎక్కని పద్యం మెల్లగా మాయమైంది. రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. ఆ కొలతలో ఇమిడేది పద్యమూ దాని రాగమూ మాత్రమే, సన్నివేశం కాదు. పాత నాటకాలు మనకు ముక్కలుగా మిగలడానికి కాంట్రాక్టర్ల కంటే ముందు కారణం ఇదేనని నా నమ్మకం.

నటుడు ముక్కలు ఏరుకోవడంతో ఆగలేదు, కొత్తవి చేర్చాడు కూడా. ముత్తరాజు సుబ్బారావు 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ అనగానే జనానికి గుర్తొచ్చే పాట ముత్తరాజు రాసింది కాదు, ఆ వేషం కట్టిన స్థానం నరసింహారావు రాసుకుని చేర్చుకున్నది. కృష్ణుణ్ణి తన గుప్పిట్లో పెట్టుకున్నానన్న సత్యభామ ధీమా అంతా ఆ పాటలో ఉంది. అది తీసేసి తులాభారం ఆడితే చూసేవాళ్ళే గొడవ చేస్తారు. ఆ వేషాన్ని ఒక మగవాడు అంత నమ్మకంగా కట్టబట్టే నాటకానికి ఆ పాట అమరింది. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఇంతకంటే పెద్ద చేర్పు కాటి సీనులో జరిగింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్రీయం' తెలుగు దేశంలో అన్నిటికంటే ఎక్కువగా ఆడిన నాటకాల్లో ఒకటి. వారణాసి వీధిలో భార్యను అమ్మిన సీను, నక్షత్రకుడి వేధింపు, చివరికి కాడు. రాజ్యం పోయి, వీరబాహుడికి అమ్ముడుపోయి, కాటికాపరిగా నిలబడ్డ హరిశ్చంద్రుడు చావు ముందు రాజూ లేడు పేదా లేడు అని పాడతాడు. డి.వి. సుబ్బారావు నుంచి చీమకుర్తి నాగేశ్వరరావు దాకా ఎందరో హరిశ్చంద్రులకు పేరు తెచ్చినది ఆ ఘట్టమే. అక్కడ జనం కన్నీళ్ళు పెట్టుకునే పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు. గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన ఖండికలోవి. ఏ నటుడు మొదట వాటిని తెచ్చి అక్కడ పెట్టాడోగాని, నాటకం తెలిసిన చెయ్యి అది.

ఈ చేర్పును ఊరికే దాటిపోలేం. హరిశ్చంద్రుడి కథ లోపల ఒక ఇరుకు ఉంది. అంత మహారాజు కాటికాపరి కావడమే పరమ దుఃఖమని పురాణం చెబుతుంది. అంటే కాటికాపరి బతుకు దుఃఖం కాదు, అందులోకి రాజు దిగడం దుఃఖం. అంటరానితనాన్ని ఒంటిమీద మోసిన కవి మాటలు ఆ రాజు నోట్లోకి రావడంతో కథ బరువు ఇటునుంచి అటు మారుతుంది. పెద్దా చిన్నా తేడా చెరిగిపోయే ఒకే ఒక్క చోటు ఈ కాడు అని చెప్పే మాటల్లో, అది ఊళ్ళో చెరగలేదన్న ఎత్తిపొడుపు దాగుంది. నాటకం అచ్చుప్రతి మాత్రమే చదివి పరిశోధన చేసినవాడికి ఈ సంగతి తగలదు. పందిట్లో కూర్చున్నవాడికి తగులుతుంది గానీ, అవి జాషువావని చాలామందికి తెలియదు. మంచి కూర్పరి ఒకడు పక్కన ఉండి ఉంటే కరపత్రంలో ఆయన పేరు ఎప్పుడో ఎక్కేది.

చేర్పులన్నీ ఇంత మేలు చేశాయనుకుంటే పొరపాటు. 'చింతామణి' గతి చూడండి. కాళ్ళకూరి నారాయణరావు సంస్కర్త. 'వరవిక్రయం'లో కట్నాన్ని ఉతికి ఆరేసినట్టే, 'మధుసేవ'లో తాగుడును పట్టుకున్నట్టే, 'చింతామణి'లో వేశ్యావ్యసనాన్ని పట్టుకున్నారు. లీలాశుకుడి కథలోని బిల్వమంగళుడు, భవానీశంకరం, సుబ్బిశెట్టి ఒకరి తర్వాత ఒకరు చింతామణి ఇంటి గడపలో కరిగిపోతారు. రచయిత చింతామణిని కూడా తక్కువ చెయ్యలేదు. ఆమెకు తల్లి శ్రీహరి ఒత్తిడి ఉంది, ఆమెకూ విరక్తి కలుగుతుంది. అయితే దశాబ్దాల ఆటలో నాటకం బిల్వమంగళుడి చేతుల్లోంచి జారి సుబ్బిశెట్టి చేతుల్లో పడింది. శ్రీహరి, సుబ్బిశెట్టి, చిత్ర కలిసే సీను జనాన్ని నవ్వించేదని కనిపెట్టి, ప్రతి సుబ్బిశెట్టీ తన వంతు ద్వంద్వార్థాలు చేరుస్తూ పోయాడు. చివరికి చాలా ఊళ్ళలో చింతామణి అంటే ఆ బూతు సీనే అయింది. ఆర్యవైశ్య సంఘాలు తమను కించపరుస్తున్నారని ఏళ్ళ తరబడి అభ్యంతరం చెప్పాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శననే నిషేధించింది.

నిషేధాన్ని నేను సమర్థించను. కానీ దాన్ని ఖండిస్తూ వచ్చిన వాదాల్లో ఎక్కువ భాగం గురి తప్పాయి. కాళ్ళకూరి రాసిన పుస్తకంలో ఏముందో చూపించి, ఇందులో తప్పేముంది అన్నారు. అభ్యంతరం పెట్టినవాళ్ళు చూసింది ఆ పుస్తకాన్ని కాదు. అటు నిషేధించినవాళ్ళూ ఆడే ప్రతినీ అచ్చు ప్రతినీ వేరు చెయ్యలేదు. బూతు చేర్చింది ఎవరో, ఎప్పుడో, ఏ సమాజంలోనో చెప్పే రికార్డు లేకపోవడంతో వందేళ్ళ కిందటి సంస్కర్త దోషి అయ్యాడు. శుభ్రమైన చింతామణిని ఆడి చూపించి ఇదీ మా నాటకం అని నిలబడగల సమాజం ఒకటి బలంగా ఉండి ఉంటే వాదన వేరేగా నడిచేది.

సురభి కథ వీటికి దూరంగా నడుస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ'తో మొదలుపెట్టిన ఆ కుటుంబ సమాజాలకు నాటకం బతుకుతెరువు. ఇంటిల్లిపాదీ నటులే. పిల్లలు ప్రహ్లాదులై, లవకుశులై ఎదిగి, పెద్దయ్యాక హిరణ్యకశిపులవుతారు. ఆడ వేషాలు ఆడవాళ్ళే కట్టారు, రాఘవ పోరాటం మొదలుపెట్టక ముందే. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల బిడ్డే. వాళ్ళ 'మాయాబజార్'లో ఘటోత్కచుడి ముందు నుంచి లడ్లు గాలిలోకి లేచి నోట్లోకి వెళ్ళడం, 'పాతాళభైరవి'లో తెరల వెనక తెరలు లేస్తూ గుహ లోతు చూపించడం ఇప్పటికీ సినిమా చూసి పెరిగిన పిల్లల్ని నోరు తెరిపిస్తాయి. ఆ తీగలు ఎక్కడ కట్టాలో, ఏ మాట దగ్గర లాగాలో వాళ్ళ ఆడే ప్రతిలో భాగం. ఒక్క క్షణం ముందు లాగితే మాయ నవ్వులపాలు. అందువల్ల సురభిలో ఎవరూ పాట సాగదీసి సీను మింగెయ్యలేరు. యంత్రం నటుణ్ణి అదుపులో పెట్టింది.

ముక్కలు కాకుండా నాటకం మొత్తాన్ని తరాలు దాటించినవాళ్ళు తెలుగులో వీళ్ళే. వాళ్ళ బలం ఎక్కడుందో 1990ల్లో దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి చూపించారు. ఆయన వాళ్ళ చేత 'భీష్మ', 'చండీప్రియ' చేయించారు. బ్రెహ్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడించారు. తెరలూ హార్మోనియం తీసెయ్యకుండా వాటితోనే కొత్త లయ పట్టించారు. బయటి దర్శకుడు పాత పద్ధతిని మెరుగుపరచడం అంటే దాన్ని ఆధునికంగా కనిపించేట్టు చెయ్యడమని అనుకునేవాళ్ళు ఆ పని మళ్ళీ గుర్తుచేసుకోవాలి. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న ఆ సమాజాలు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. పద్మశ్రీ అందుకున్న సురభి నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అని పిలిచే మనిషి, 2022లో పోయారు.

'కన్యాశుల్కం' దగ్గర సమస్య పూర్తిగా తిరగబడుతుంది. ఇక్కడ అచ్చు ప్రతిదే పెత్తనం. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవాళ్ళు ఆడిన నాటకం చిన్నది, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని తిరగరాసి వేసిన రెండో కూర్పు ఏడంకాలు, పూర్తిగా ఆడితే ఒక పూటలో తేలదు. మొదటి కూర్పులో చిన్నగా ఉన్న మధురవాణి రెండోదాంట్లో నాటకాన్నే నడిపించే మనిషి అయింది. ఇప్పుడు అందరూ కన్యాశుల్కం అనేది ఈ రెండోదాన్నే. చిత్రమేమంటే, విజయనగరంలో జనం చూసి మెచ్చింది మొదటిది. ఆడి గెలిచిన నాటకాన్ని రచయితే పక్కనపెట్టి, ఆడటానికి లొంగని నాటకం రాశాడు. ఇది చదువుకునే నాటకమనీ ఆడేది కాదనీ కొందరు విమర్శకులు తీర్పు ఇవ్వడానికి ఈ పొడవే కారణం.

ఆడినవాళ్ళు ఆ తీర్పును పట్టించుకోలేదు. విజయనగరం ప్రాంతపు జె.వి. సోదరులు, రామప్పంతులుగా సోమయాజులు, గిరీశంగా రమణమూర్తి, దాన్ని కుదించుకుని దశాబ్దాల పాటు ఊరూరా తిప్పారు. కోత లేకుండా దారి లేదు. తేలాల్సింది ఏం కొయ్యాలన్నదే. గిరీశం, వెంకటేశం, మధురవాణి, రామప్పంతులు ఉన్న చోటల్లా నవ్వులు పండుతాయి కాబట్టి అవి ఉంచుతారు. కత్తిరింపు ముందుగా పడేది సందడి లేని మనుషుల మీద: నూతిలో దూకిన వెంకమ్మ, లుబ్ధావధాన్ల ఇంట్లో మగ్గే మీనాక్షి, అసిరిగాడు, సారా దుకాణంలో వేదాంతం చెప్పే బైరాగి. వీళ్ళను తీసేస్తే గిరీశం ఒట్టి హాస్యగాడుగా మిగులుతాడు. అతను చేసే మోసం ఎవరి కడుపు కొడుతుందో కనిపించదు. బుచ్చమ్మను లేవదీసుకుపోవడం చిలిపి పనిగా తోస్తుంది. 1955 సినిమాలో ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. ఆ ఇద్దరు తారల చుట్టూ కథ అల్లుకోవడం సినిమాకు తప్పదు. నాటకానికి ఆ ఒత్తిడి లేదు, అయినా చాలా కుదింపులు అటే ఒరుగుతాయి.

భాష ఇంకో అడ్డంకి. వేదం వేంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' వెలువడిందీ 1897లోనే. గ్రంథాల్లో వ్యావహారికం వద్దని వాదించిన ఆయన నాటకంలో మాత్రం పాత్రను బట్టి భాష మార్చారు. గురజాడ అంతకంటే ముందుకు వెళ్ళి అందరి చేతా విజయనగరం వీధి తెలుగు మాట్లాడించారు. ఇప్పుడు హైదరాబాదులో ఈ నాటకం తీసుకునే పాతికేళ్ళ నటుడికి పద్యం కంటే రామప్పంతులు వచనమే కష్టం. ఆ యాస ఎక్కడ లాగాలో, ఎక్కడ మింగాలో పుస్తకం చెప్పదు. సోమయాజులు ఏ వాక్యం ఎలా అన్నారో ఎవరైనా రాసిపెట్టి ఉంటే చెప్పేది.

పరిషత్తు నాటకం మీద ఎక్కువ చెప్పను. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు, దాని వెంట ఊరూరా వచ్చిన పరిషత్తులు పోటీలు పెట్టి కొత్త నాటికలు రాయించాయి, దర్శకుడనే మనిషికి చోటు ఇచ్చాయి. గడియారం పెట్టి ఆడించే ఆ పోటీల్లో పాత నాటకానికి చోటు చాలలేదు. 1998లో మొదలైన నంది నాటకోత్సవాలు పద్యనాటకానికి ప్రత్యేక విభాగం ఇచ్చాక కొత్త పద్యనాటకాలు వచ్చాయి. వాటిలో దర్శకత్వం ఉంది, లైటింగు ఉంది, పద్యం అర్థం తెలిసేట్టు పాడతారు. బహుమతి తర్వాత వాటిని మళ్ళీ ఆడేవాళ్ళు మాత్రం తక్కువ. అటు రాయబారానికి ఏ బహుమతీ అక్కర్లేదు, పిలిచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ముక్కలుగా ఆడటం తక్కువపని అని నేననను. కేరళ కూడియాట్టంలో సంస్కృత నాటకం నుంచి ఒక్క అంకమే తీసుకుని రాత్రుల తరబడి ఆడతారు. మన పడక సీను గంట దాని ముందు ఏపాటి? కానీ దాన్ని ఆడే చాక్యార్ కుటుంబాలు ఒక పని చేశాయి. ఏ నాటకం ఎలా ఆడాలో, ఏ శ్లోకానికి ఏ అభినయమో, రంగం మీద క్రమం ఏమిటో ఆట్టప్రకారాలు, క్రమదీపికలు అనే గ్రంథాలుగా తాటాకుల మీద రాసిపెట్టుకున్నాయి. నాటకం ఒక పుస్తకం, దాన్ని ఆడే తీరు మరో పుస్తకం. రెండూ గౌరవమైనవే. ఆ సంప్రదాయం ఎంత సన్నబడ్డా మళ్ళీ నిలదొక్కుకోగలిగింది అందువల్లే. మనకు మొదటి పుస్తకాలు బీరువాల నిండా ఉన్నాయి, రెండోది ఒక్కటీ లేదు. ప్రాంప్టర్ల నోటు పుస్తకాలు కొన్ని ఇళ్ళలో అటకల మీద ఉండే ఉంటాయి. మిగిలిందంతా హార్మోనిస్టుల తలల్లో ఉంది, వాళ్ళలో ఎక్కువమంది డెబ్భై దాటినవాళ్ళు.

రంగస్థల కళలు నేర్పే విశ్వవిద్యాలయ శాఖలు మనకు ఉన్నాయి. వాటినుంచి వచ్చిన సిద్ధాంత గ్రంథాల్లో నాటకకర్తల జీవితం, ఇతివృత్తం, రసపోషణ, పద్యాల సంఖ్య అన్నీ దొరుకుతాయి. ఆ శ్రమలో నాలుగో వంతు పెట్టినా ఇంకో పని జరుగుతుంది. పుస్తకం ఎడమ పేజీలో పాండవోద్యోగం అచ్చు ప్రతి, కుడి పేజీలో ఇవాళ పందిట్లో ఆడే ప్రతి: ఏ పద్యం మిగిలింది, ఏది పోయింది, ఏ రాగం, వచనంలో నటులు మార్చిన మాటలు, ఎవరు చేర్చింది ఏది. ముందుగా మూడు చాలు: రాయబారం, హరిశ్చంద్ర, చింతామణి. చింతామణికి ఇది మరీ అవసరం. కాళ్ళకూరి ఎక్కడ ఆగారో, సుబ్బిశెట్టి వేషధారులు ఎక్కడ మొదలెట్టారో ఎదురెదురు పేజీల్లో కనిపిస్తే కోర్టుకైనా ప్రభుత్వానికైనా చూపించవచ్చు. కన్యాశుల్కానికి తిరగేసిన పని కావాలి: ఇంతవరకు జరిగిన కుదింపుల్లో దొరికినవి పోగుచేసి, ఎవరు ఏది కోశారో వేసి, వెంకమ్మనూ మీనాక్షినీ వదలకుండా మూడు గంటల్లో ఆడే ప్రతి ఒకటి తయారుచెయ్యాలి.

ఇందులో డబ్బు కంటే ముందు వచ్చే చిక్కు హక్కులది. తిరుపతి వేంకట కవుల్లో రెండోవారు చెళ్ళపిళ్ళ 1950లో పోయారు, బలిజేపల్లి 1953లో. రచయిత పోయాక అరవై ఏళ్ళన్న మన చట్టం లెక్కన వాళ్ళ నాటకాలు ఎవరైనా వేసుకోవచ్చు. జాషువా పోయింది 1971లో. కాబట్టి ఆ లెక్కలోనే, కాటి సీనును పందిట్లో ఆడుతున్న తీరులో ఉన్నదున్నట్టు అచ్చు వెయ్యాలంటే 2031 చివరిదాకా ఆయన వారసుల అనుమతి తీసుకోవాలి. పని తలపెట్టిన వాళ్ళు రాయాల్సిన మొదటి ఉత్తరం వాళ్ళకే.